డాంబర్ ప్లాంటు పొగ మా బత్తాయి తోట మీదికే వస్తోంది, తెలిసినవాళ్లు చెప్పండి

బత్తాయి తోట (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో కొంచెం లోపలికి ఉన్న ఊరు. నాలుగెకరాల బత్తాయి తోట, చెట్లకు తొమ్మిదేళ్లు. దసరా తర్వాత తోటకు తూర్పున, అటూ ఇటూగా 600 మీటర్ల దూరంలో డాంబర్ ప్లాంటు పెట్టారు. రోడ్డు పని అయ్యేదాకా ఉంటుందట. తెల్లవారి ఐదింటికే మొదలుపెడతారు. మొదట ఒక పావుగంట నల్లటి పొగ, తర్వాత తెల్లగా, మధ్యమధ్యలో మట్టిరంగులో వస్తుంది. ఈ చలికాలం గాలి తూర్పు నుంచే కాబట్టి అంతా మా మీదికే. పొగ పైకి పోదు, చెట్ల తలల ఎత్తులో చాప పరిచినట్టు నిలబడుతుంది, పొద్దెక్కి ఎండ పడితే గానీ విడిపోదు.

నిన్న భుజం మీది తెల్ల తువ్వాలు కొసతో ఒక ఆకు తుడిచి చూశాను. బూడిదరంగు చార పడింది, ఆకు ఈనెలతో సహా అచ్చు దిగింది. పక్క ఆకు తుడిస్తే అదే. నాన్నకు ఆయాసం ఉంది, రాత్రి కిటికీలు మూసుకుని పడుకుంటున్నాడు. పూత వచ్చే కాలం దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

రోడ్డు వద్దని నేను అనట్లేదు. మా ఊరికి బీటీ రోడ్డు కోసం మేమూ ఏళ్ల తరబడి తిరిగినవాళ్లమే. నాకు తెలియాల్సింది మూడు: ఆ పొగలో ఏముంది, తోటకు ఏం నష్టం, ప్లాంటు నడుస్తూనే దీన్ని తగ్గించే దారి ఉందా. తెలిసినవాళ్లు చెప్పండి.

కల్వకుర్తి కుర్రాడు

అన్నా, కొంచెం ఓర్చుకోండి. మా అక్కను కాన్పుకు తీసుకుపోతుంటే గుంతల్లో ఆటో ఇరుక్కుని గంటన్నర ఆలస్యమైంది, ఆ రాత్రి మేం పడ్డ బాధ ఎవరికీ రావద్దు. రోడ్డు అంటే మాకు ప్రాణం. నాలుగు నెలల పొగకు భయపడి పని ఆపిస్తే మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో ఎవరికి తెలుసు.

బత్తాయి తోట (నల్లగొండ)

తమ్మీ, ఆపమని నేను రాయలేదు, మళ్లీ ఒకసారి చదువు. మీ అక్క, బిడ్డ బాగున్నారనుకుంటా.

కల్వకుర్తి కుర్రాడు

బాగున్నారన్నా. తొందరపడి రాశాను, ఏమనుకోకండి.

ప్లాంటు ఆపరేటర్ (జడ్చర్ల)

నేను హాట్ మిక్స్ ప్లాంట్లలో, అంటే ఇలాంటి డాంబర్ ప్లాంట్లలోనే, పదకొండేళ్లుగా పనిచేస్తున్నా. బెంగళూరు రోడ్డు మీద, అంటే ఎన్‌హెచ్ 44 మీద, చాలా పనులు చూశా. అన్నా, మీరు పొగ రంగు సరిగ్గా పట్టుకున్నారు, సగం జవాబు అందులోనే ఉంది.

తెల్లటిది ఎక్కువ భాగం ఆవిరి. కంకర తడిగా ఉంటే, దాన్ని వేడిచేసే డ్రమ్ములో ఆ తడంతా ఆవిరైపోతుంది. కాసేపటికి గాలిలో కలిసి మాయమైతే అది ఆవిరే. నల్లటిది బర్నర్ సరిగా మండకపోవడం. బర్నర్‌లో మండించే ఫర్నేస్ ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, దాన్ని ముందు వేడిచేసి పలుచన చేయకుండా మండిస్తే సన్నటి తుంపరగా విడిపోదు, మసి కక్కుతుంది. పావుగంట నల్లపొగ అంటున్నారంటే ఆయిల్ వేడెక్కకుండానే మంట పెడుతున్నారని నా అనుమానం. మట్టిరంగుది రాతి దుమ్ము. అది బయటికి రాకూడదు, దాన్ని పట్టడానికే బ్యాగ్ ఫిల్టర్ ఉంటుంది. ఇంకోటి ఉంది, నీలం పొగ. డాంబర్ అతిగా కాగినప్పుడు దాని నూనెలు ఆవిరై నీలంగా కనిపిస్తాయి, వాసన ఎక్కువగా వచ్చేది దాంతోనే. డ్రమ్ మిక్స్ ప్లాంటులో మంట, డాంబర్ రెండూ ఒకే డ్రమ్ములో ఉంటాయి కాబట్టి నీలం పొగ ఎక్కువ. బ్యాచ్ మిక్స్‌లో కంకర వేరే డ్రమ్ములో ఎండి పైకి పోయి జల్లెడపడి, కింద మిక్సర్‌లో డాంబర్‌తో కలుస్తుంది, కాబట్టి తక్కువ.

బ్యాగ్ ఫిల్టర్ అంటే వరసలు వరసలుగా వేలాడే పొడుగాటి గుడ్డ సంచులు. పొగ వాటిగుండా పోవాలి, దుమ్ము బయటివైపు ఆగిపోతుంది. ఆ దుమ్మును మళ్లీ మాలులోనే, అంటే కంకర, డాంబర్ కలిపిన మిశ్రమంలోనే, ఫిల్లర్‌గా (సందులు నింపే పొడిగా) కలుపుతారు, వృథా పోదు. కానీ లోపలికి పోయే గాలి వేడి 200 డిగ్రీల దగ్గరికి పోతే సంచులు కాలి చిల్లులు పడతాయి. కొత్త సంచుల సెట్టు ఖరీదు ఎక్కువ. కాలిపోయాక మార్చకుండా అలాగే నడిపే చోట్లు నేను చూశాను, ఆ పని చేయమంటే ఒకచోట నుంచి బయటికి వచ్చేశాను కూడా. మట్టిరంగు రోజూ వస్తోందా, అప్పుడప్పుడా, అది చూసి చెప్పండి. రోజూ వస్తే సంచులు పోయినట్టే.

కెమిస్ట్రీ టీచర్ (సూర్యాపేట)

మొదట పేర్ల సంగతి. మనం తారు, డాంబరు అని రెండు మాటలూ ఒకటిగానే వాడతాం. బొగ్గు నుంచి తీసేది కోల్ తార్, ముడిచమురు శుద్ధిచేశాక అడుగున మిగిలేది బిటుమెన్. ఇప్పుడు రోడ్లకు వేసేది బిటుమెన్. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, నెట్‌లో తారు వల్ల క్యాన్సర్ అని వచ్చేవాటిలో చాలావరకు కోల్ తార్ గురించినవి. అది నిజంగానే ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ, ఐఏఆర్‌సీ, 2013లో వేసిన 103వ సంపుటంలో రోడ్డు వేసేటప్పుడు బిటుమెన్ పొగ పీల్చే పనివాళ్ల విషయాన్ని 2బీ వర్గంలో పెట్టింది. అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉంది, కానీ సాక్ష్యం పరిమితం. అది రోజంతా ఆ పొగలోనే నిలబడే కూలీల సంగతి. 600 మీటర్ల దూరంలో ఉన్న మీ ఇంటికి దాన్ని అలాగే అంటగట్టి భయపడకండి.

కానీ మీ నాన్నగారి ఆయాసం వేరే లెక్క. దానికి క్యాన్సర్ దాకా పోనక్కర్లేదు, సన్నటి దుమ్ము, ఫర్నేస్ ఆయిల్‌లోని గంధకం మండి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ చాలు. 2017లో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఫర్నేస్ ఆయిల్, పెట్ కోక్ (ముడిచమురు నుంచి వచ్చే బొగ్గులాంటి ఇంధనం) వాడకాన్ని ఆపించింది ఈ గంధకం వల్లే. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పైది వెచ్చగా ఉంటుంది, పొగకు మూత పెట్టినట్టు అవుతుంది. మీరు చెప్పిన చాప అదే. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి విషయం, ప్లాంటు మొదలుపెట్టే టైము. ఐదింటికి బదులు ఎనిమిదిన్నరకు మొదలుపెడితే అదే పొగ పైకి పోయి పలుచబడుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

భువనగిరి గుట్ట

డాంబర్ ప్లాంటు ఒక్కటే చూస్తున్నారు. కంకర ఎక్కడిది? మావైపు క్రషర్ల దగ్గరికి వచ్చి చూడండి. మాలులో నూటికి 95 వంతులు రాయే, డాంబర్ 5 వంతులే. ఆ 95 కోసం గుట్టలు పోతున్నాయి. నా చిన్నప్పుడు మేకలు కాసిన గుట్ట ఇప్పుడు నీళ్లు నిలిచిన గుంత. బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా గోడలు అదురుతాయి. క్రషర్ యంత్రాల దగ్గర 3 నుంచి 10 మీటర్లలో దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదని రూలు ఉంది, నీళ్లు చల్లే పైపులు ఎండిపోయి ఉంటే ఆ రూలు ఎక్కడ నిలుస్తుంది. కేంద్రం 2019లో మొదలుపెట్టిన శుద్ధ గాలి కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల జాబితాలో హైదరాబాద్‌తో పాటు నల్లగొండ కూడా ఉంది. అంత పెద్ద ఫ్యాక్టరీలు లేని నల్లగొండ అందులో ఎందుకుందో ఆలోచించండి. దుమ్ము.

సైట్ ఇంజినీర్ (మహబూబ్‌నగర్)

గుట్ట గారి కోపంలో న్యాయం ఉంది. నేను ఇరవై ఏళ్లుగా రోడ్ల మీదే ఉన్నాను, లెక్క వేసి చూపిస్తా. ఊరి రోడ్డు 3.75 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవు, 30 మిల్లీమీటర్ల మందం అనుకోండి. 112 ఘనపు మీటర్ల పైచిలుకు, బరువు దాదాపు 260 టన్నులు. అందులో డాంబర్ 13 టన్నులు. మిగతా అంతా రాయి, డస్టు (సన్నటి రాతిపొడి). దాన్ని 150, 160 డిగ్రీలకు వేడిచేయాలి.

ఇక్కడే అసలు విషయం ఉంది, మనవాళ్లు ఎవరూ పట్టించుకోరు. ఒక టన్ను ఎండు రాయిని 30 నుంచి 160 డిగ్రీలకు తేవడానికి దాదాపు 117 మెగాజౌళ్ల వేడి కావాలి. అదే రాయిలో నూటికి ఒక వంతు తడి ఉంటే, అంటే టన్నుకు పది లీటర్ల నీళ్లు, వాటిని ఆవిరి చేయడానికే ఇంకో 26 మెగాజౌళ్లు. 5 వంతుల తడి ఉంటే 130. రాయిని కాల్చడానికి ఎంతో, నీళ్లను ఎగరగొట్టడానికి అంతకంటే ఎక్కువ! వాన పడ్డ కుప్పల్లో, ముఖ్యంగా డస్టు కుప్పలో, అంత తడి ఉండటం మామూలే. తడి మాలుకు టన్నుకు 8 లీటర్ల దాకా ఆయిల్ మండుతుంది. మన కిలోమీటరు ఊరి రోడ్డుకు 2,000 లీటర్లు, దాంతో 6 టన్నుల కార్బన్ డయాక్సైడ్. కుప్పల మీద రేకుల షెడ్డు వేసి, నేలను కొంచెం వాలుగా పెట్టి నీళ్లు జారిపోయేలా చేస్తే మూడో వంతు ఆయిల్ మిగులుతుంది. పొగ తగ్గుతుంది, కాంట్రాక్టరుకు డబ్బూ మిగులుతుంది. షెడ్డు ఎందుకు వేయరు అంటే, ప్లాంటు ఆరు నెలల్లో ఎత్తేసేదే కదా అంటారు.

ప్లాంటు ఆపరేటర్ (జడ్చర్ల)

సార్ చెప్పింది నిజం. డస్టు తడిగా ఉన్న రోజు మేము మంట పెంచుతాం, మంట పెంచితే గాలి వేడి పెరిగి సంచులు కాలతాయి. ఒకదాని వెనక ఒకటి. తడి కుప్పే అన్నిటికీ మొదలు.

మక్తల్ మనిషి

మీరంతా ప్లాంటు పొగ, తోట, గుట్ట అంటున్నారు. రోడ్డు మీద నిలబడే మనిషి గురించి టీచరమ్మ ఒక్క మాట అన్నారు, ఆ మాట పట్టుకుని రాస్తున్నా.

మా అమ్మానాన్న పాలమూరు కూలీలు. దసరా పోగానే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, లారీలో ఎక్కి పోయేవాళ్లు, వానలు పడ్డాక తిరిగొచ్చేవాళ్లు. నేను వాళ్లతో పాటే రెండు సీజన్లు రోడ్డు పక్క గుడిసెలో ఉన్నా. అప్పట్లో ప్లాంటు లేదు, డాంబర్ డ్రమ్ములు రోడ్డు పక్కనే కాచేవాళ్లు. కట్టెలు తడిస్తే పాత టైర్లు వేసేవాళ్లు. ఆ టైరు పొగ గొంతులో పడితే రాత్రి అన్నం దిగేది కాదు. నాన్న కాళ్లకు గోనెసంచి ముక్కలు చుట్టి తాడు కట్టుకునేవాడు, పైన రబ్బరు చెప్పులు. డాంబర్ చిప్పతో చల్లేటప్పుడు చినుకు పడితే ఆ గోనె మీద ఆగాలి, ఆగకపోతే చర్మం మీద. ఆయన ఎడమ పాదం మీద ఇప్పటికీ రూపాయి బిళ్లంత మచ్చలు మూడున్నాయి. చర్మానికి అంటుకున్న డాంబర్‌ను లాగితే చర్మం కూడా వస్తుంది, చల్లటి నీళ్లు పోసి వదిలేయాలని చెప్పినవాళ్లు లేరు. సాయంత్రం అమ్మ కిరోసిన్ గుడ్డతో చేతులు తుడిచేది. ఆ చేతులతోనే మాకు కలిపి పెట్టేది.

ఇప్పుడు మాలు పరిచే యంత్రాలు, పేవర్లు వచ్చాయి, బాగానే ఉంది. కానీ పేవర్ వెనక పళ్ల దంతి పట్టుకుని అంచులు సర్దే ఆడవాళ్ల ముఖాలు చూడండి. చీర కొంగు ఒక్కటే అడ్డం. 150 డిగ్రీల మాలు నుంచి లేచే ఆవిరి మొట్టమొదట పోయేది ఆ కొంగులోకి. మీ ఊరి రోడ్డు పడేటప్పుడు ఒకసారి దగ్గరికి పోయి వాళ్లకు బూట్లున్నాయా, చేతికి గ్లౌజులున్నాయా అడగండి. ఎవరూ అడగరు.

బత్తాయి తోట (నల్లగొండ)

అన్నా, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. మా దగ్గర పని మొదలైతే నేను అడుగుతాను, కచ్చితంగా.

సైట్ ఇంజినీర్ (మహబూబ్‌నగర్)

మక్తల్ తమ్ముడికి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో మా ఇంజినీర్లది కూడా తప్పు ఉంది. వేడి తగ్గిస్తే ఆవిరి తగ్గుతుంది. వార్మ్ మిక్స్ అని ఉంది, కొద్దిగా రసాయనం కలిపితే అదే మాలు 20, 30 డిగ్రీలు తక్కువలో కలుస్తుంది, పరుచుకుంటుంది. ఆయిల్ తక్కువ, పొగ తక్కువ, దంతి పట్టే మనిషికి సెగ తక్కువ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) దీనికి ఎస్పీ 101 పేరుతో మార్గదర్శకం ఇచ్చింది. ఊరి రోడ్లకైతే కోల్డ్ మిక్స్ కూడా ఉంది, డాంబర్‌ను నీళ్లలో ఎమల్షన్‌గా చేసి చల్లగానే కలుపుతారు, దానికి ఎస్పీ 100. పాత రోడ్డు పొరను గీకి తీసి కొత్త మాలులో కలపడానికి ఐఆర్‌సీ 120 అని 2015లోనే వచ్చింది. గీకిన ప్రతి టన్నుకు దాదాపు ఒక టన్ను గుట్ట మిగిలినట్టే. పుస్తకాల్లో అన్నీ ఉన్నాయి. టెండర్లో ఆ మాట రాయకపోతే కాంట్రాక్టరు తనంతట తాను చేయడు, రాయించాల్సింది మేము.

దేవరకొండ దారి

మరి ప్లాస్టిక్ రోడ్ల సంగతి? చెత్త ప్లాస్టిక్ అంతా ఇందులో వేస్తే రెండు సమస్యలూ పోతాయి కదా.

కెమిస్ట్రీ టీచర్ (సూర్యాపేట)

అంతా వేయకూడదు. ఆ పద్ధతి మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారిది, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. కవర్లు, కప్పుల్లాంటివి ముక్కలు చేసి వేడి రాయి మీద వేస్తే కరిగి పూతలా అంటుకుంటాయి, ఆ తర్వాత డాంబర్. డాంబర్ బరువులో 6 నుంచి 8 శాతం దాకానే. పీవీసీ మాత్రం వేయనే కూడదు, అందులో క్లోరిన్ ఉంది, వేడికి విషవాయువులు వస్తాయి. పైపు ముక్కలు, ఫ్లెక్సీలు ఏరకుండా వేస్తే ఆ పొగ కూడా మళ్లీ మక్తల్ అన్న చెప్పిన ఆడవాళ్లకే. ఏరే పని నిజాయితీగా జరిగే చోట మంచిది, జరగని చోట వద్దు. ఇది నా అభిప్రాయం.

ఇంకో సంగతి, రోడ్డు వేశాక కూడా డాంబర్ ఊరుకోదు. యేల్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ప్రచురించిన పరిశోధనలో, వేడి 40 నుంచి 60 డిగ్రీలకు పెరిగితే డాంబర్ నుంచి వచ్చే ఆవిర్లు రెట్టింపయ్యాయి, ఎండ తగిలితే 300 శాతం దాకా పెరిగాయి. మే నెలలో మన రోడ్డు 60 డిగ్రీలు దాటుతుందని చెప్పులు లేకుండా నడిచిన ఎవరికైనా తెలుసు.

నకిరేకల్ నీళ్లు

మా ఊరి బోర్లలో ఫ్లోరైడ్ కూడా ఈ ప్లాంట్ల వల్లేనని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

కెమిస్ట్రీ టీచర్ (సూర్యాపేట)

కాదండీ. నల్లగొండ ఫ్లోరైడ్ మన గ్రానైట్ రాయిలోంచే నీళ్లలో దిగుతుంది, ఏ ప్లాంటూ రాకముందు నుంచీ ఉంది. ఇలాంటి తప్పు ఆరోపణ అర్జీలో రాస్తే నిజమైన ఫిర్యాదును కూడా పక్కన పడేస్తారు. నీళ్ల విషయంలో అడగాల్సింది వేరే. బ్యాగ్ ఫిల్టర్ బదులు నీళ్లతో పొగ కడిగే స్క్రబ్బర్ ఉంటే, ఆ బురద నీళ్లు గుంతలో ఆగుతున్నాయా, వాగులోకి పోతున్నాయా అన్నది చూడండి.

సైట్ ఇంజినీర్ (మహబూబ్‌నగర్)

గ్రానైట్ అన్నారు కాబట్టి ఒక మాట. మన రాయికి డాంబర్ సరిగా అంటదు, నీళ్లు దూరి పొర విడదీస్తాయి. అందుకే ఫిల్లర్‌లో సున్నం కలపాలి. కలపని రోడ్డు రెండు వానాకాలాలకు కంకర తేలుతుంది, మళ్లీ ప్లాంటు, మళ్లీ గుట్ట, మళ్లీ పొగ. ఐదేళ్లుండాల్సిన రోడ్డు రెండేళ్లకు పోతే పొగ రెండున్నర రెట్లు. పక్క కాలువ తీయకుండా రోడ్డు వేయడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కాలుష్యం.

తోటల మల్లన్న గుట్ట

తోట సంగతి ఎవరూ చెప్పలేదు, నేను ముప్ఫై ఏళ్లుగా బత్తాయి వేస్తున్నా. తమ్మీ, దుమ్ము పడ్డ చెట్టుకు నల్లి, అంటే ఆకు రసం పీల్చే సన్నటి పురుగు, ఎక్కువ పడుతుంది. నల్లిని తినే మంచి పురుగులు దుమ్ములో బతకవు. కాయ మీద మంగు (తుప్పులాంటి మచ్చ) వస్తే మార్కెట్లో సగం రేటు కూడా పలకదు. ప్లాంటు వైపు ఉన్న మొదటి రెండు వరసలు విడిగా చూడు, ఆకు అడుగున భూతద్దంతో. పవర్ స్ప్రేయర్‌తో వట్టి నీళ్లే వారానికోసారి ఆకులు కడుగు, పూత విచ్చుకునే రోజుల్లో మాత్రం వద్దు. తుడిచిన తువ్వాలు ఉతక్కుండా దాచిపెట్టు, తారీఖు రాసి.

బత్తాయి తోట (నల్లగొండ) — మూడు వారాల తర్వాత

అందరికీ దండాలు. ఏం జరిగిందో రాస్తున్నా.

డాంబర్ ప్లాంట్లు కాలుష్య నియంత్రణ వర్గీకరణలో ఆరెంజ్ కేటగిరీ అని, పెట్టడానికి ఒక అనుమతి, నడపడానికి ఇంకో అనుమతి తీసుకోవాలని తెలుసుకున్నా. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం, పది రోజుల ఫోటోలు టైముతో సహా, తువ్వాలు కూడా. దానికంటే ముందు ఊరి పెద్దలం ఐదుగురం ప్లాంటు దగ్గరికే పోయాం. గొడవకు పోలేదు. ఆపరేటర్ అన్న నేర్పిన మాటలే అడిగాం: ఆయిల్ వేడిచేసే హీటర్ పనిచేస్తోందా, సంచులు ఎప్పుడు మార్చారు, డస్టు కుప్ప మీద ఏమీ లేదేంటి. అక్కడి మేనేజర్ మొదట చిరాకు పడ్డాడు, తర్వాత మీకు ఇవన్నీ ఎవరు చెప్పారని కూర్చోబెట్టి మాట్లాడాడు. పక్కకు తీసుకుపోయి ఫిల్టర్ తలుపు తీసి చూపించాడు. సంచుల్లో పదిహేను దాకా అరచేయి పట్టేంత చిల్లులున్నాయి.

సంచులు మార్చారు. డస్టు కుప్ప మీద షెడ్డు వేయలేదు, తాటిపత్రి కప్పారు. ఎనిమిదింటి తర్వాతే మొదలుపెడుతున్నారు. మట్టిరంగు పొగ ఆగింది. వాసన మాత్రం తగ్గలేదు, పూటకోసారి నీలం పొగ కనబడుతూనే ఉంది. నాన్న రెండు రాత్రులుగా కిటికీ తెరిచి పడుకుంటున్నాడు. మొదటి రెండు వరసల్లో నల్లి ఉంది, మల్లన్న గుట్ట పెద్దాయన చెప్పినట్టే ఆకు అడుగున కనిపించింది, మందు కొట్టాను.

రోడ్డు పని మొన్న మా ఊరి మలుపు దాకా వచ్చింది. దంతి పట్టినవాళ్లు ఏడుగురు, నలుగురు ఆడవాళ్లు. బూట్లు ఇద్దరికే ఉన్నాయి. అడిగాను. రేపు తెస్తామన్నారు, నాలుగు రోజులైంది, ఇంకా రాలేదు. మళ్లీ అడుగుతాను.

మక్తల్ మనిషి

వాళ్లది ఏ ఊరో అడిగావా తమ్మీ?

బత్తాయి తోట (నల్లగొండ)

నారాయణపేట వైపు అన్నారన్నా. ఒకామె దగ్గర చిన్న బాబు ఉన్నాడు, రోలర్‌కు దూరంగా వేపచెట్టుకు ఉయ్యాల కట్టింది.

చింతపల్లి రైతు

అన్నా, ఆ ప్లాంటు ఎండాకాలంలో మా మండలానికి వస్తుందంటున్నారు. స్థలం ఊరికి పడమర చూస్తున్నారట. ఎండాకాలం పోయి వానగాలి మొదలైతే అంతా ఊరి మీదికే కదా. ఇప్పుడే ఏమైనా చేయొచ్చా?

బత్తాయి తోట (నల్లగొండ)

ఇప్పుడే చేయాలి తమ్మీ, పునాది బోల్టులు బిగించాక ఎవరూ జరపరు. నేను అర్జీ రాసిన కాగితం పెడతా, ఊరి పేరు మార్చుకుని వాడుకో. ఆదివారం ఖాళీగా ఉంటే రా, ప్లాంటు దగ్గరికి తీసుకుపోయి అన్నీ చూపిస్తా.